బోర్డు మీద 6/6, బట్ట మీద మసక: ఒక కలంకారీ కళాకారిణి ఫ్లోటర్స్ కేసు

పేషెంట్‌కు 49 ఏళ్లు. ఊరు శ్రీకాళహస్తి. పని కలంకారీ, అందులోనూ గీత. అంటే రంగులు నింపడం కాదు, బొమ్మకు మొదటి నల్లగీత వేసే పని. బడికి పోయే రోజుల నుంచీ అద్దాలున్నాయి, రెండు కళ్లకూ మైనస్ 7 దగ్గర పవర్. సుగర్ లేదు, బీపీ లేదు, కంటికి ఎప్పుడూ దెబ్బ తగల్లేదు. ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బులున్నాయా అని అడిగితే, మేనమామకు నరం ఊడి ఒక కన్ను పోయిందని చెప్పారు. పేషెంట్ నోట నరం ఊడిందన్న మాట వస్తే రెటీనా డిటాచ్‌మెంట్, అంటే కంటి లోపలి రెటీనా పొర ఊడటం, అయి ఉంటుందనే అనుకుని ముందుకెళ్తాను.

ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఫ్లోటర్స్, అంటే కంటి ముందు చుక్కలో పోగులో తేలుతున్నట్టు కనిపించడం, అని వచ్చేవాళ్లు తిరుపతిలో ఏ కంటి క్లినిక్‌కైనా కొత్త కాదు. చుక్కలు వేసి కంటిపాప పెద్దదయ్యాక లోపల చూస్తాం, రెటీనా బాగుందంటే అదే మాట చెప్పి పంపేస్తాం. చాలామందికి అంతకు మించి అక్కర్లేదు కూడా. ఈ కేసు అక్కడితో ఆగలేదు. రెటీనాకు వచ్చిన ప్రమాదం మొదటి రోజే తప్పింది. మిగిలిన బాధకు మాత్రం సరైన వైద్యం ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాం.

మొదటి రోజు

"కుడికంట్లో ఈగ తిరగతా ఉండాది సార్. తోలితే పోదు." ఆమె చెప్పిన మొదటి మాట ఇది. రాత్రి లైటు తీసేశాక కంటి పక్కన మెరుపు కొట్టినట్టు అవుతోందని, అది నేను అడిగితే గానీ చెప్పలేదు. మొదలై వారం దాటింది. శివరాత్రి రోజులు, కాళహస్తిలో ఇల్లంతా చుట్టాలు, కదలడానికి కుదరలేదు. ఈలోగా మెడికల్ షాపులో ఏదో చుక్కల మందు తెచ్చి వేసుకున్నారు.

మైనస్ పవర్ ఎక్కువ, ఫ్లోటర్ ఉన్నట్టుండి వచ్చింది, మెరుపులు ఉన్నాయి. ఈ మూడూ కలిస్తే ఇంకో రోజుకు వాయిదా వేసే కేసు కాదు. కంటి వెనక భాగాన్ని నింపే విట్రియస్ జెల్ సుమారు 4 మిల్లీలీటర్లు. అందులో 98 శాతానికి పైగా నీళ్లే. సన్నని కొల్లాజెన్ పోగులు, హయలురోనిక్ ఆమ్లం కలిసి ఆ నీటిని జెల్‌గా పట్టి ఉంచుతాయి. వయసు పెరిగేకొద్దీ, మైనస్ పవర్ ఉన్నవాళ్లకు ఇంకా ముందే, తోడుకున్న పెరుగును కదిపితే గడ్డ ఒకపక్క, నీరు ఒకపక్క అయినట్టు ఈ జెల్ విడిపోతుంది. పోగులు ఒకదానికొకటి చుట్టుకుని ముద్దలవుతాయి. వాటి నీడ రెటీనా మీద పడితే మనకు ఈగ, దోమ, వెంట్రుక, సాలెగూడు, ఏదో ఒకటిగా కనిపిస్తుంది. ఒక దశలో జెల్ రెటీనా నుంచి పూర్తిగా ఊడి ముందుకు జరుగుతుంది. దీన్ని పీవీడీ అంటాం. ఊడేటప్పుడు రెటీనాను గుంజితే మెరుపులు వస్తాయి, గట్టిగా గుంజితే రెటీనా చిరుగుతుంది. అప్పటికప్పుడు వచ్చిన ఫ్లోటర్స్‌తోనో మెరుపులతోనో డాక్టర్ దగ్గరికి వచ్చి, పీవీడీ అని తేలినవాళ్లలో సుమారు 14 శాతం మందికి రెటీనాలో చిరుగు దొరికిందని 2009లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. ఏడుగురిలో ఒకరు అనుకోండి.

ఈమె ఆ ఏడుగురిలో ఒకరయ్యారు. అద్దాలతో చూపు రెండు కళ్లకూ 6/6, అంటే మామూలు చూపే. ప్రెజర్ కుడికంట్లో 14, ఎడమకంట్లో 15. లెన్స్ రెండు వైపులా తేటగా ఉంది. స్లిట్ ల్యాంప్ కింద కుడికంట్లో, లెన్స్ వెనకున్న జెల్‌లో గోధుమరంగు రేణువులు తేలుతున్నాయి. మా పుస్తకాల్లో పొగాకు పొడి అని రాసి ఉంటుంది. అది కనబడితే చిరుగు దొరికే దాకా వెతకాల్సిందే. కంటి అంచు దాకా నొక్కి చూస్తే పైన, కణత వైపున, పదిన్నర గంటల స్థానంలో గుర్రపునాడా ఆకారంలో చిన్న చిరుగు దొరికింది. కింద నీరు చేరలేదు. అదే రోజు చిరుగు చుట్టూ మూడు వరుసల గ్రీన్ లేజర్ పెట్టాను. ఎడమకంట్లో జెల్ ఇంకా ఊడలేదు. అంచున ఒకచోట రెటీనా పలచబడి ఉంది, దాని జోలికి పోలేదు.

లేజర్ పెట్టినచోట గట్టిగా అతుక్కోవడానికి రెండు వారాల దాకా పడుతుంది. మొక్కు ఉంది, అలిపిరి మెట్లెక్కి కొండకు పోవచ్చా అని అడిగారు. 3,550 మెట్లు. ఆ రెండు వారాలూ దాటాక మళ్లీ చూస్తాను, అప్పుడు వెళ్లమన్నాను. వెళ్లొచ్చారు కూడా.

"చూపు బాగుండాది అంటారు"

తర్వాతి రివ్యూలలో చిరుగు చుట్టూ మచ్చ బాగా కట్టింది, మెరుపులు తగ్గిపోయాయి. ఈగ మాత్రం పోలేదు. దానికితోడు పొగమంచులాంటి తెర ఒకటి అటూ ఇటూ ఊగుతోందని చెప్పారు. మధ్యలో ఆమె ఇంకో చోట కూడా చూపించుకున్నారు. బోర్డు చదివించి, ఇది జబ్బు కాదమ్మా, అలవాటు చేసుకోవాలి అని పంపారట. అందులో అబద్ధమేమీ లేదు. చాలామందికి మూడు నుంచి ఆరు నెలల్లో ఫ్లోటర్ కాస్త కిందికి దిగుతుంది, మెదడు కూడా దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కానీ అలా అలవాటు పడనివాళ్లకు ఆ మాట వైద్యం కాదు.

"చూపు బాగుండాది అంటారు అందరూ. నాకు గీత పైన ఇంకో గీత కనపడతాది సార్. ఏది నేను గీసిందో, ఏది కంట్లోదో తెలీదు."

ఇది అర్థం కావాలంటే ఆమె పని తెలియాలి. కాళహస్తి కలంకారీలో నూలుబట్టను పాలు, కరక్కాయ కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. కరక్కాయ వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలు పక్కలకు పాకనివ్వవు. చింతబొగ్గుతో లేతగా బొమ్మ వేసుకుని, దాని మీద కలంతో నల్లగీత గీస్తారు. కలం అంటే చెక్కిన వెదురుపుల్ల. ములుకుకు కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి, రంగులో ముంచి, వేళ్లతో ఆ గుడ్డను వత్తుకుంటూ గీస్తారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసే ఆ నలుపు కరక్కాయ పట్టిన బట్టకు తగిలిందంటే ఇక చెరగదు. దేవుడి కనురెప్ప గీసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం తడబడినా గుడ్డలోని రంగు దిగి మరకవుతుంది. బట్ట పోయినట్టే.

ఇప్పుడు కంటి సంగతి. గీత వెంట పోయే కన్ను నున్నగా జారదు. చిన్న చిన్న గెంతులుగా పోతుంది. కన్ను ఆగినా లోపలి జెల్ వెంటనే ఆగదు, కాస్త ముందుకెళ్లి మళ్లీ వెనక్కి ఊగుతుంది. అంటే ఆమె చూపు నిలిపిన ప్రతిసారీ నీడ సరిగ్గా చూపు మధ్యగా దాటుతోంది. పైగా పని చేసేది ఇంటి ముందు వాకిట్లో, పొద్దుటి ఎండ తెల్లబట్ట మీద పడే చోట. వెలుగు ఎక్కువైతే కంటిపాప చిన్నదవుతుంది. చిన్న పాప గుండా వచ్చే వెలుగులో ఫ్లోటర్ నీడకు అంచులు పదునుగా ఏర్పడతాయి. ఎండ, తెల్లటి బట్ట, చిన్న పాప: ఫ్లోటర్ బాగా కనబడటానికి ఏమేం కావాలో అన్నీ ఆమె వాకిట్లోనే ఉన్నాయి. ఆమె గీత మానేసి రంగులు నింపే పనికి మారారు. ఆ రెండింటికీ కూలి ఒకటి కాదు, మర్యాదా ఒకటి కాదు. నాకు ఆ రెండో సంగతే ఎక్కువసార్లు చెప్పారు.

కొలిచి చూడటం

మేం చూపు కొలిచే బోర్డులో అక్షరాలు కారు నలుపు, వెనక తెలుపు. నిజజీవితంలో అంత తేడాతో ఏదీ ఉండదు. అందుకే ఈ తేడాను, అంటే కాంట్రాస్ట్‌ను, కన్ను ఎంతవరకు పట్టగలదో కొలిచే పెల్లీ-రాబ్సన్ చార్టు పెట్టాను. అందులో అక్షరాలన్నీ ఒకే సైజు, మూడేసి అక్షరాలకొకసారి రంగు పలచబడుతూ పోతుంది. ఎడమకన్ను 1.65 దాకా చదివింది. కుడికన్ను 1.35 దగ్గర ఆగింది. తేడా చూడ్డానికి చిన్నదే. దాని అర్థం మాత్రం, ఎడమకంటికి ఆనే అక్షరం కంటే రెట్టింపు ముదురుగా ఉంటేగానీ కుడికంటికి ఆనడం లేదని.

ఆ తర్వాత ఆమె బట్టనే పరీక్షకు వాడాం. కరక్కాయ పట్టించిన ముక్క ఒకటి తీసుకుని, ఆమె కూతురిని ఎనిమిది చిన్న గీతలు గీసుకురమ్మన్నాను. మొదటిది మామూలు నలుపు, తర్వాత ప్రతిదానికీ సగానికి సగం నీళ్లు కలపాలి. కొన్ని నిలువు, కొన్ని ఏటవాలు, ఏది ఎటో అమ్మకు చెప్పకూడదు. ఒక కన్ను మూసి, గీత ఎటు వాలిందో చెప్పమన్నాం. ఎడమకన్ను ఆరో గీత దాకా తప్పు లేకుండా చెప్పింది. కుడికన్ను నాలుగో గీత తర్వాత ఊహించడం మొదలుపెట్టింది. సగం నీళ్లు పోస్తే రంగు కచ్చితంగా సగమే తగ్గదు, కాబట్టి దీన్ని ఏ పత్రికకూ పంపను. కానీ కూతురు ఆ రోజు మొదటిసారి తల్లివైపు తిరిగి, నువ్వు చెప్పింది నిజమే కదమ్మా అంది. అప్పటిదాకా ఇంట్లో అందరూ ఇది టెన్షన్ వల్లనే అనుకుంటున్నారు.

ఈ తేడాకు ఇంకే కారణమూ లేదని తేల్చుకోవాలి. శుక్లం మొదలైనా కాంట్రాస్ట్ తగ్గుతుంది, నీటికాసులు ఉన్నా తగ్గుతుంది. ఆమెకు లెన్సులు రెండూ ఒకేలా తేటగా ఉన్నాయి, ఆప్టిక్ నరం బాగుంది. ఓసీటీ స్కాన్‌లో మాక్యులా, అంటే రెటీనా మధ్యభాగం, మీద పొర లేదు. జెల్‌లో వాపుకణాలు లేవు. బీ-స్కాన్‌లో, అంటే కంటి అల్ట్రాసౌండ్‌లో, ఊడిన జెల్ వెనకపొర దళసరిగా, కన్ను కదిలినప్పుడల్లా ఊగుతూ కనిపించింది. ఆప్టిక్ నరం చుట్టూ అంటుకుని ఉండి ఊడివచ్చిన వలయం, వైస్ రింగ్, చూపు మధ్యకు దగ్గర్లోనే ఉంది. ఆమె చెప్పిన ఈగ అదే. పొగమంచు తెర మాత్రం ఆ దళసరి పొర పని.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. అమెరికాలో జెర్రీ సెబాగ్ బృందం పీవీడీ వల్ల ఫ్లోటర్స్‌తో బాధపడేవాళ్ల కాంట్రాస్ట్ కొలిచి, అది బాగా దెబ్బతింటోందని 2014లోనే చూపించింది. అయినా ఫ్లోటర్స్ అని వచ్చిన పేషెంట్‌కు ఈ పరీక్ష చేయడం మన దగ్గర అలవాటు లేదు. ఒక చార్టు, ఐదు నిమిషాల పని. రెటీనా చూశాక ఇంకా బాధ ఉందంటున్న ప్రతి ఒక్కరికీ చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. కొలిస్తే రెండు లాభాలు: నిజంగా చూపు దెబ్బతిన్నవాళ్లు ఎవరో తెలుస్తుంది, చూపు బాగానే ఉండి భయమే ఎక్కువైనవాళ్లకు ధైర్యం చెప్పడానికి చేతిలో ఒక అంకె ఉంటుంది.

మందు లేని నెలలు

పని వాకిట్లోంచి లోపలి వరండాకు మార్చుకోమన్నాను. ఎండ బట్ట మీద నేరుగా పడకూడదు, వెలుగు పక్కనుంచి రావాలి. పనికి మాత్రమే లేత గోధుమరంగు అద్దాలు రాయించాను. తెలుపు జిగేలు తగ్గితే నీడ కూడా కొంత తేలిపోతుంది. నీడ గీత మీదికి వస్తే కన్ను గబుక్కున పైకీ కిందికీ తిప్పి దాన్ని పక్కకు నెట్టడం నేర్పాను. ఇది చిట్కాలాగే ఉంటుంది, పనిచేస్తుంది కూడా, కానీ కలం ఎత్తాకే చేయాలి. కొంత ఊరట వచ్చింది. రంగుల పని హాయిగా సాగింది, గీత మాత్రం పెద్ద బొమ్మలకే.

చుక్కల మందుల సంగతి. అయోడైడ్ చుక్కలు మన మెడికల్ షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి, ఫ్లోటర్స్‌కని రాసేవాళ్లూ ఉన్నారు. జెల్‌లోని ముద్దలను అవి కరిగిస్తాయనడానికి ఆధారం లేదు. ఆమెతో మాన్పించాను. అనాసపండు ఇంకో కథ. తైవాన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం అనాస తింటే ఫ్లోటర్స్ తగ్గుతాయంది, అక్కణ్నుంచి అది వీడియోలకెక్కింది. పోల్చి చూసే పద్ధతి బలహీనంగా ఉన్న అధ్యయనం అది, దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. ఆమె భర్త తిరుపతికి వచ్చిన ప్రతిసారీ రెండు కాయలు కొనుక్కుపోతున్నారు. సుగర్ లేదు కాబట్టి తినండి, కంటికోసమని మాత్రం కాదు అన్నాను. ఐర్లాండ్‌లో 61 మందిపై జరిగిన పరీక్షలో సి విటమిన్, జింక్, లైసిన్ వంటివి కలిపిన మాత్రలు ఆరు నెలలు వాడితే కొంత ఊరట కనిపించిందన్నారు. అది కాస్త పద్ధతిగా జరిగిన పరీక్షే. ఇంకా పెద్ద పరీక్ష ఒకటి జరిగితే తప్ప నేను రాయను.

లేజరా, ఆపరేషనా

ఏడాది దగ్గరపడినా కుడికన్ను 1.35 దగ్గరే ఉంది. అప్పుడు రెండు దారుల గురించీ కూర్చుని మాట్లాడుకున్నాం.

మొదటిది యాగ్ లేజర్. శుక్లం ఆపరేషన్ తర్వాత పొర వస్తే కొట్టే లేజరే, గురి మాత్రం జెల్‌లోని ముద్ద మీద. ముద్ద లెన్స్‌కూ రెటీనాకూ కనీసం రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి. 2017లో అమెరికాలో షా, హైయర్ చేసిన పరీక్షలో వైస్ రింగ్ ఉన్న 52 మందిని తీసుకుని, 36 మందికి నిజం లేజర్, 16 మందికి ఉత్తుత్తి లేజర్ ఇచ్చారు. ఆరు నెలలకు నిజం లేజర్ గుంపులో బాధ 54 శాతం తగ్గిందన్నారు, ఉత్తుత్తి గుంపులో 9 శాతం. ఆశ కలిగించే లెక్కే. కానీ 52 మందితో ఆరు నెలల పరీక్ష ఎంతవరకు దారి చూపగలదు?

రెండోది విట్రెక్టమీ, అంటే జెల్‌నే తీసేయడం. 1970ల మొదట్లో రాబర్ట్ మాకెమర్ మొదలుపెట్టినప్పుడు దాని పనిముట్లు లావుగా ఉండేవి. ఇప్పటి 25 గేజ్ పరికరం వెళ్లే రంధ్రం అర మిల్లీమీటరే, కుట్టు కూడా సాధారణంగా అక్కర్లేదు. ఫ్లోటర్స్‌ను నిజంగా తొలగించేది ఇదొక్కటే. కానీ జెల్ పోతే లెన్స్‌కు చేరే ఆక్సిజన్ పెరుగుతుంది, దానివల్ల శుక్లం త్వరపడుతుంది. యాభై దాటినవాళ్లకు మరీ. లెన్స్ వెనక మూడు నాలుగు మిల్లీమీటర్ల జెల్ వదిలేసే పద్ధతిలో 195 కళ్లకు చేసిన ఫలితాలను సెబాగ్ బృందం 2018లో ప్రచురించింది. రెటీనా చిరుగో, ఊడటమో 1.5 శాతం కళ్లకే జరిగింది. చేయి తిరిగిన సర్జన్, ఏరి తీసుకున్న పేషెంట్లు, అప్పుడు వచ్చిన అంకె అది. మైనస్ 7 పవర్, ఒకసారి చిరిగిన రెటీనా, మేనమామ చరిత్ర ఉన్న ఈమెకు అదే అంకె చెప్పడం న్యాయం కాదు. ఎక్కువే ఉంటుందని చెప్పాను.

2011లో సింగపూర్‌లో 266 మంది ఫ్లోటర్స్ పేషెంట్లను, ఇవి పోవాలంటే ఎంత ప్రమాదానికి ఒప్పుకుంటారని అడిగారు. సగటున, గుడ్డితనం వచ్చే ముప్పు 7 శాతం ఉన్నా సరేనన్నారు. మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఇలాంటి పేషెంట్లను చూశాక ఆశ్చర్యం పోయింది. అయితే మా పేషెంట్ జవాబు ఇంకోలా ఉంది. "ఈగను కొట్టబోయి కన్ను పోగొట్టుకుంటానా సార్? మా మామను చూసినా కదా." ఎవరి సగటు వాళ్లదే. ఆపరేషన్ వద్దు, లేజర్ చేయించుకుంటానన్నారు.

మా దగ్గర ఫ్లోటర్స్‌కు ఆ లేజర్ చేయడం లేదు. చెన్నై పంపాను, ఇటువైపు వాళ్లకు అది అలవాటైన దారే. రెండు సిట్టింగులు అయ్యాయి. ప్రెజర్ పెరగలేదు, లెన్స్‌కు దెబ్బ లేదు, పాత చిరుగు దగ్గర మార్పు లేదు. వైస్ రింగ్ రెండు ముక్కలై చూపు మధ్య నుంచి కిందికి దిగిపోయింది. ఈగ పోయిందని ఆమె సంతోషంగా చెప్పారు. పొగమంచు అట్లే ఉంది. దళసరి పొర అంతటినీ యాగ్‌తో కొట్టుకుంటూ పోలేం, ముక్కలు ఎక్కువై కొత్త బాధ మొదలవుతుంది. కాంట్రాస్ట్ 1.35 నుంచి 1.50కి వచ్చింది. బట్టముక్క పరీక్షలో ఐదో గీత దాకా వచ్చారు, ఆరోది అందలేదు.

ఈ రెంటికీ మధ్య

ఆ ఆరో గీత కోసం నా దగ్గర ఏముంది? ఏమీ లేదు. ఒకవైపు ఓర్చుకోమనడం, ఇంకోవైపు కన్ను లోపలికి పరికరం దించడం. మధ్యలో ఉన్న లేజర్ కొన్ని రకాల ఫ్లోటర్స్‌కే పనికొస్తుంది. ఇరవై, ఇరవై ఐదేళ్ల పిల్లల గతి ఇంకా అధ్వానం. యూనివర్సిటీ పిల్లలు, కోచింగ్ పిల్లలు ల్యాప్‌టాప్ తెల్లతెర మీద పురుగులు పాకుతున్నాయని వస్తారు. వాళ్లలో చాలామందికి జెల్ ఊడి ఉండదు. ముద్దలు రెటీనాకు అతి దగ్గరగా, గాజుపోగుల్లా ఉంటాయి. లేజర్‌కు చోటు లేదు, ఆ వయసులో విట్రెక్టమీ అంటే జెల్‌ను రెటీనా నుంచి బలవంతాన ఊడదీయాల్సి రావచ్చు. తెరను డార్క్ మోడ్‌లో పెట్టుకోమనడం, మెరుపులు వస్తే పరుగెత్తుకు రమ్మనడం, అంతకు మించి వాళ్లకు నేనిచ్చేది లేదు.

జెల్‌ను మందుతో విడదీయాలని చూడలేదా అంటే, చూశారు. ఓక్రిప్లాస్మిన్ అనే ఇంజెక్షన్‌కు అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది. అది మాక్యులాను జెల్ పట్టుకుని గుంజే జబ్బుకు, ఫ్లోటర్స్‌కు కాదు. ఫ్లోటర్స్‌కైతే నాకు ఆసక్తి కలిగించిన పని బెల్జియంలోని ఘెంట్ యూనివర్సిటీలో జరుగుతోంది. హయలురోనిక్ ఆమ్లం పూత వేసిన బంగారు నానో రేణువులు కొల్లాజెన్ ముద్దలకు వెళ్లి అంటుకుంటాయి. వాటి మీద లేజర్ తాకితే అతి సూక్ష్మమైన ఆవిరి బుడగలు పుట్టి పగులుతూ ముద్దను తుంచేస్తాయి. యాగ్ కంటే ఎంతో తక్కువ శక్తి చాలు. ఆపరేషన్లలో తీసిన మనుషుల జెల్‌పై ఇది పనిచేసిందని 2019లో చూపించారు. క్లినిక్‌లో వాడే స్థాయికి ఇంకా రాలేదు. రెటీనాకు, లెన్స్‌కు హాని లేదని తేలాలి కదా. ఆమెకు ఈ సంగతి చెప్పినప్పుడు బంగారం అనేసరికి నవ్వి, ఎన్ని సవర్లు పడుతుంది సార్ అని అడిగారు.

ఫ్లోటర్స్ ప్రాణం తీయవు, చూపు తీయవు. అందుకేనేమో దీని మీద పెట్టే పరిశోధన తక్కువ. ఉత్తుత్తి లేజర్‌తో పోల్చే పెద్ద పరీక్షలు కావాలి, ఆరు నెలలు కాదు, కొన్నేళ్లు చూడాలి. ఫలితాన్ని బోర్డు మీది అక్షరాలతో కాక కాంట్రాస్ట్‌తో, పేషెంట్ చేసే పనితో కొలవాలి. సూదిపని చేసేవాళ్లు, నగలపని చేసేవాళ్లు, డ్రైవర్లు, వీళ్ల అవసరాలు ఒకటి కాదు. మన దేశంలో బయట ఎండలో గడిపే సమయం ఎక్కువ. ఇక్కడి కళ్లమీద, ఇక్కడి పనులమీద లెక్కలు తీయాల్సింది మనమే.

ఇప్పుడు

ఆమె మళ్లీ గీత గీస్తున్నారు. ముఖాలు, వేళ్లు వంటి సన్నపని మబ్బు పట్టిన రోజుకో సాయంత్రానికో దాచిపెట్టుకుంటున్నారు. బొమ్మల కళ్లు మాత్రం కూతురు గీస్తోంది. పనికి గోధుమరంగు అద్దాలు కొనసాగుతున్నాయి. నిద్ర బాగా పడుతోందని, ఈగ కోసం కన్ను వెతకడం మానేసిందని చెప్పారు.

ఎడమకంటికి కూడా ఏదో ఒక రోజు జెల్ ఊడుతుంది, చాలామందికి మొదటి కన్ను తర్వాత రెండు మూడేళ్లలోనే. ఆ రోజు మెరుపు కనబడినా, నల్లచుక్కలు జల్లుగా రాలినట్టున్నా, పక్కనుంచి పరదా దిగినట్టున్నా శివరాత్రి అయినా సరే అదే రోజు రావాలని తల్లికీ కూతురికీ చెప్పి, చీటీ మీద రాసిచ్చాను. కుడికన్ను ఆరు నెలలకోసారి చూస్తాం, పెల్లీ-రాబ్సన్ ప్రతిసారీ చేస్తాం. మళ్లీ 1.35కి పడిపోయినా, లెన్స్‌లో శుక్లం మొదలైనా రెటీనా సర్జన్‌తో కూర్చుని విట్రెక్టమీ మాట మళ్లీ ఎత్తుతాం. శుక్లం ఎలాగూ తీయాల్సి వచ్చినప్పుడు రెండూ ఒకేసారి చేయించుకోవడానికి తనకు అభ్యంతరం లేదని ఆమె ముందే చెప్పారు, కేసు షీటులో అది రాసిపెట్టాం.